నవ్వుకు వదిలిన జాగా

నేను ఇంతకు ముందు ఏదీ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. మా అమ్మ భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. తట్ట మోసే వయసు వచ్చేదాకా నేను తమ్ముళ్లను మోశాను. వచ్చాక తట్ట మోశాను. మా పేట చివర బడి ఉండేది. రోజూ దాని ముందు నుంచే నడిచేవాళ్లం. లోపల పిల్లలు ఎక్కాలు రాగం తీసి చదువుతుంటే ఆ రాగం నాకు వచ్చేసింది, ఎక్కాలు రాలేదు. ఆ రాగంలో నెత్తళ్లు, కవళ్లు, రొయ్యపప్పు అని మా ఎండుచేపల పేర్లు పెట్టి పాడుకుంటూ అమ్మ వెనకాల పోయేదాన్ని.

పెళ్లయ్యాక అక్షరాల అవసరం ఇంకా తగ్గింది. మా ఆయనకు చదవడం, రాయడం వచ్చు. బస్సు బోర్డు ఆయన చదివేవాడు, కరెంటు బిల్లు ఆయన చదివేవాడు, గోడల మీద సినిమా పోస్టర్లు కూడా ఆయనే చదివి చెప్పేవాడు. పాటలు మాత్రం నా తలలో ఉండేవి. ఒక పెళ్లికి కట్టిన పాట ఆ పెళ్లితోనే సరి, విస్తళ్లు ఎత్తేసినట్టు దాన్నీ ఎత్తేసేవాళ్లం. మళ్లీ పెళ్లికి మళ్లీ కొత్త పాట. రాసి దాచుకోవాలని మా ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

మా బతుకుతెరువు ఏమిటో చెప్పాలి. మేము పేరడీ పాటలు కట్టి పాడేవాళ్లం.

అది చేపల తట్ట దగ్గరే మొదలైంది. ఊళ్లలో పండగలకు మైకులో వేసే సినిమా పాటలు విని, వాటి మాటలు తీసేసి నా మాటలు పెట్టేదాన్ని. హీరోయిన్ ఏడ్చే పాటలో ఉప్పుచేప ఎండకు ఏడ్చినట్టు పాడితే ఆడవాళ్లు నవ్వుతూ గుమ్మాల్లోకి వచ్చేవారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేక చేపలు కొనేవారు. మా అమ్మకు మొదట నచ్చలేదు, తరవాత నచ్చింది. ఒకసారి గజపతినగరం దారిలో ఒక రైతు ఇంటావిడ నా పాటంతా విని, చేపలేవీ కొనకుండా, తన కూతురి పెళ్లికి రమ్మంది. మగపెళ్లివారు భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు వాళ్లను ఆట పట్టించే పాటలు కావాలంది. పాత పాటలు అందరికీ నోటికి వచ్చేశాయి, వాటికి ఎవరూ నవ్వడం లేదు, సినిమా వరసలో కొత్తగా కట్టి పాడగలవా అని అడిగింది. పాడగలనన్నాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఆ పెళ్లికి డోలక్ వాయించడానికి వచ్చినవాడే తరవాత మా ఆయన అయ్యాడు.

మేము పనిచేసే పద్ధతి ఒకటి ఉండేది. పెళ్లికి ముందు ఏదో వంక పెట్టుకుని మగపెళ్లివారి ఊరు వెళ్లేవాళ్లం. చేపలమ్మే దానిలా ఒక పూట ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు. వియ్యపురాలు నవ్వినప్పుడు నోటికి కొంగు అడ్డు పెట్టుకుంటుందా, వియ్యంకుడు మీసానికి రంగు వేస్తాడా, పెళ్లికొడుకు ఇంకా తల్లి చేత తల దువ్వించుకుంటాడా, అన్నీ అక్కడే తెలిసేవి. ఎక్కడెక్కడ గిల్లకూడదో కూడా అక్కడే తెలిసేది. పిల్లలు లేనివాళ్ల జోలికి, అప్పుల జోలికి, ఒంటి రంగు జోలికి, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్ల జోలికి మేము పోయేవాళ్లం కాము. అరుగు మీద కూర్చోకుండా పాట కట్టకూడదని మా ఆయన అనేవాడు.

పాటకు ఒక కట్టుబాటు ఉంది. ముందు గిల్లే మాట. తరవాత నిమిరే మాట. గిల్లిన చోటే నిమరాలి, వేరే చోట నిమిరితే లాభం లేదు. మీసానికి రంగని ఎగతాళి చేస్తే, ఆ మీసం చూసే మా పిల్ల ఒప్పుకుందని వెంటనే అనాలి. అప్పుడు వియ్యంకుడు అదే మీసం దువ్వుకుంటూ ఇంకో గరిటె పెరుగు వేయించుకుంటాడు.

ఈ రెండు మాటల మధ్య కొంత ఖాళీ ఉండాలి. దాన్ని మా ఆయన నవ్వు జాగా అనేవాడు. గిల్లే మాట పడగానే బంతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వులో పాడితే నిమిరే మాట ఎవరికీ వినబడదు. కాబట్టి నేను ఆగేదాన్ని. ఆయన డోలక్ మీద అరచేత్తో మెల్లగా, దూరంగా ఉరిమినట్టు వాయిస్తూ జనం మొహాల వంక చూసేవాడు. నవ్వు దిగిపోతున్నప్పుడు, పూర్తిగా దిగకముందే, ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బ మీద నేను అందుకునేదాన్ని. ఎంతసేపు ఆగాలో నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఆ పని ఆయనది. నేను కళ్లు మూసుకుని ఆ దెబ్బ కోసం వినేదాన్ని.

పెళ్లిళ్ల తరవాత జాతరలు వచ్చాయి. ఆర్కెస్ట్రా వాళ్లు పాటకీ పాటకీ మధ్య మమ్మల్ని స్టేజీ ఎక్కించేవారు. ఎన్నికలు వచ్చాయి. పొద్దున ఒక పార్టీ వాళ్లకు ఎదుటివాళ్లను తిట్టి పాడాం, సాయంత్రం ఎదుటివాళ్లు కబురు పెడితే అదే వరసలో వీళ్లను తిట్టి పాడాం, రెండూ క్యాసెట్లకు ఎక్కించి జీపుల్లో వేశారు. రెండు జీపులూ ఒక వీధిలో ఎదురెదురు పడి రెండు మైకుల్లోనూ నా గొంతే వినబడితే, పోలీసాయన జీపులు పక్కకు పెట్టించడం మరిచిపోయి నవ్వాడు. ఆ ఏడాది శ్రీకాకుళం నుంచి కూడా పిలిచారు. విజయనగరంలో ఒక సందులో ఇల్లు కట్టుకున్నాం. రెండు గదులూ వంటిల్లూ.

ఇంతమందిని నవ్వించాక స్నేహితులు ఎందరో ఉంటారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. పెళ్లిలో పాట అయిపోయాక నేను బంతిలో కూర్చుంటే నా పక్క విస్తరి ఖాళీగా ఉండేది. నా పక్కన కూర్చుంటే నేను చూస్తానని, చూసింది పాటలోకి వస్తుందని భయం. నీళ్ల కుళాయి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. మా సందులో కొత్త చీర కట్టుకున్నవాళ్లు నన్ను చూసి కొంగు సర్దుకునేవారు. అది కోపం కాదు. నా పని వాళ్లకు తెలుసు, అంతే. మా ఆయన పక్క విస్తరిలో కూర్చునేవాడు కాబట్టి నాకు అది అంతగా పట్టేది కాదు.

ఒక వానాకాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. ముందు పసరు మందు వేయించాం, తరవాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిరిగి రాలేదు.

ఆ తరవాత వచ్చిన పెళ్లిళ్ల కాలంలో నా ఫోను మోగలేదు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం ఎవరికీ రాలేదు. మొగుడు పోయినది పెళ్లి బంతి ముందు నిలబడి పాడదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నేను కూడా చేపలు అమ్ముతున్న రోజుల్లో అలాంటివాళ్లు పెళ్లివారింటి వెనక దారిన పోవడం చూశాను, దాని గురించి ఆలోచించలేదు.

మాకు పాత రోజుల నుంచీ మైకు పెట్టే మనిషి ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు పెద్ద బాక్సులు, కంప్యూటరు పెట్టుకున్నాడు. ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. పాట ఇంట్లో పాడి ఫోనులో రికార్డు చేసి పంపమన్నాడు. గొంతుకు ఏ పట్టింపూ లేదు కదా, బాక్సులోంచి వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదన్నాడు. అది నిజమే అయింది. మళ్లీ పిలుపులు వచ్చాయి. నన్ను కాదు, నా పాటను పిలిచారు.

మధ్యాహ్నం పూట వంటింటి తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, ఫోను పప్పుడబ్బాకు ఆనించి పాడేదాన్ని. గిల్లే మాట పాడి ఆగేదాన్ని. వంటింట్లో ఎవరూ నవ్వరు. పక్కింటి కుక్కరు కూత, పెరట్లో కాకి, అంతే. అయినా ఆగేదాన్ని. ఆయన ఉంటే ఎంతసేపు వాయించేవాడో మనసులో అనుకుని, ఆ దెబ్బ పడిందనుకున్నాక నిమిరే మాట పాడేదాన్ని. మైకాయన ఫోనులోంచే తిన్నగా వేసేవాడు. ఎక్కడో పెళ్లిలో నేను ఆగిన చోట జనం నవ్వారని తరవాత తెలిసేది. ఎంతగా నవ్వారో, ఎవరు ముందు నవ్వారో చెప్పేవాళ్లు లేరు.

అక్షరాలు నాకు ఎదురింటి పిల్ల నేర్పింది. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. పిల్ల డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. ఒకరోజు నేను ఫోనులో వచ్చిన కబురు పట్టుకుని ఎవరి చేత చదివించాలా అని గుమ్మంలో నిలబడి ఉంటే చూసింది. చదివి చెప్పి ఊరుకోలేదు. లోపలికి వచ్చి కూర్చుని, పలక లేకపోతే బియ్యప్పిండి చాటలో పోసి అందులో వేలితో రాయించింది. ముందుగా నెత్తళ్లు అని రాయడం నేర్పింది, నాకు రుచిగా ఉంటుందని. నేను తప్పు రాస్తే చాట అటూ ఇటూ కదిపి చెరిపేసేది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం, పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం వచ్చింది. నా పక్కన కూర్చోవడానికి ఆ పిల్ల ఎప్పుడూ భయపడలేదు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది, వాళ్లమ్మ అక్కను పిలిచినట్టు అప్పా అనేది. నా మీద పాట కట్టవేం అని తనే అడిగేది.

దాని పెళ్లికే కట్టాను. రామతీర్థం దగ్గర పల్లెలో రైతు కుటుంబం. వాళ్ల ఇంటి అరుగు మీద ఒక పూట కూర్చుని రావాలనుకున్నాను. కాని పెళ్లి ముందు ఆ ఇంటికి నేను వెళ్లడం బాగుండదని నాకే అనిపించింది. పిల్లనే అడిగాను. కాబోయే అత్తగారికి గేదె అంటే ప్రాణమట. పొద్దున లేవగానే మొగుడికి కాఫీ ఇవ్వక ముందే గేదెకు కుడితి గోలెం నింపుతుందట. నాకు అంత చాలు. అదే మొదటిసారి పాటను కాగితం మీద నా చేత్తో రాయడం. రాసి పిల్లకు చూపించాను.

గేదెకు ముందు గోలెం కుడితి, కోడలికేమో గంజి,
వదినా, మీ ఇంటి వరసే వరస.

దాని కింద కొంత ఖాళీ వదిలాను. ఆ కింద ఇది రాశాను, మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

గేదెకే అంత పోసిన చెయ్యి గుంటకి ఎంత పెడతాదో,
వచ్చే ఏటికి మా గుంట మీ గుమ్మం పడతాదో లేదో.

ఆ ఖాళీ ఎందుకని పిల్ల అడిగింది. అక్కడ నవ్వుతారని చెప్పాను. పిల్ల పకపకా నవ్వింది. నవ్వు ఆగేదాకా చూసి కింది మాటలు పాడాను. మా ఆయన పోయాక మనిషి ఎదురుగా ఉండగా నేను పాడింది అదే.

పెళ్లి పగటి ముహూర్తం, గజపతినగరంలో కల్యాణ మండపం. పిల్ల తల్లి ముందు రోజు మా ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చుంది. చెప్పలేక ఆ చీర గురించి ఈ చీర గురించి మాట్లాడింది. చివరికి నేనే అన్నాను, వంటల దగ్గర ఉంటాలే అని. ఆమె నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

మండపం వెనక రేకుల షెడ్డు. వంటవాళ్లతో పాటు కూర్చుని చేతులకు నూనె రాసుకుని పనసకాయ తరిగాను. తాళి కట్టిన మేళం అక్కడి నుంచే విన్నాను. వంటావిడ నాలుగు అక్షింతలు తెచ్చి నా చేతిలో పెడితే షెడ్డులోంచే మండపం వైపు వేశాను. తరవాత భోజనాలు మొదలయ్యాయి. మగపెళ్లివారి మొదటి బంతి. బాక్సులోంచి నా గొంతు వచ్చింది.

నా గొంతు అంత పెద్దగా ఉండడం నాకు కొత్త. గేదె మాట వచ్చింది. బంతి అంతా ఘొల్లుమంది. నేను వింటున్నాను. ఇక్కడ ఆగాలి. కాని బాక్సులో నేను ఆగలేదు. నవ్వు పైకి లేస్తుండగానే నిమిరే మాట వెళ్లిపోతోంది. నవ్వు కింద నా గొంతు ఏదో గొణుగుతున్నట్టు ఉంది. నాకే ఒక్క మాటా వినబడలేదు. నవ్వు దిగేసరికి పాట వియ్యంకుడి మీదికి వెళ్లిపోయింది. అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఎవరో అయ్యో వదినా, అయ్యో వదినా అంటున్నారు. తరవాత పాట ఆపేశారు.

సగం తిన్న విస్తరి మడిచేసి పిల్ల అత్తగారు బంతిలోంచి లేచిపోయింది.

వడ్డించే ఆడవాళ్లు షెడ్డులోకి వచ్చి చెప్పుకుంటుంటే అసలు సంగతి తెలిసింది. ఆ ఇంటి పెద్దకోడలు భర్తతో విశాఖపట్నం వెళ్లి వేరు కాపురం పెట్టింది. కొడుకు పని అక్కడ, అందుకు వెళ్లారు. కాని ఊళ్లో మాత్రం అత్త తిండి పెట్టక వెళ్లిపోయిందని అనుకుంటారట. ఆ అనుకునేవాళ్లందరూ ఆ బంతిలోనే కూర్చుని ఉన్నారు. ఆ ఊరందరి ముందు, కోడలికి గంజి పోస్తుందని, మైకులో, ఆడపెళ్లివారు పాట కట్టి పాడారు. అరుగు మీద ఒక పూట కూర్చుని ఉంటే ఆ మాట నా పాటలోకి వచ్చేది కాదు.

మైకాయన దగ్గరికి వెనక దారిన వెళ్లాను. ఆయన మంచివాడు. పెద్ద బాక్సులు కదా అని ఈసారి నా పాటను ముందుగా కంప్యూటరులో శుభ్రం చేశాడు. ఖాళీలు కనిపిస్తే కత్తిరించేశాడు.

"మాటా పాటా నేని సోట ఎందుకని తీసేసినానమ్మా. జనం బాక్సు పాడైపోనాదనుకుంటారు" అన్నాడు.

ఆయన్ను అనడానికి ఏముంది. కంప్యూటరులో నవ్వు జాగా వట్టి గీతలా కనబడుతుంది. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ జాగా ఆయన చేతి కింద ఉండేది కాబట్టి అది ఖాళీ అని ఎవరికీ తెలియదు.

నేను బంతి ముందుకు వెళ్లి నిమిరే మాట నా నోటితో పాడతానని పిల్ల తల్లికి కబురు చేశాను. ఆమె పరుగెత్తుకు వచ్చింది.

"అప్పా, నీ కాళ్లకి మొక్కుతాను, ఇప్పుడు అటు ఎల్లకు. పిల్ల మెళ్లో పసుపుతాడు తడి ఇంకా ఆరనేదు. ఉన్నదానికి తోడు ఇంకో మాట వస్తాది."

వెళ్లలేదు. ఆమె చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. పిల్లను సాగనంపుతుంటే రోడ్డుకు అవతల, పళ్ల బండి పక్కన నిలబడి చూశాను. పిల్ల కారెక్కే ముందు తల తిప్పి జనంలో ఎవరికోసమో వెతికింది. ఇటువైపు చూడలేదు. అత్తగారు ముందు కారులో కూర్చుని ఉంది. ఆమె మొహం నాకు కనబడలేదు. ఆమె కూడా ఎప్పుడూ నన్ను చూడలేదు.

రాత్రి భోజనాల వేళ దాటాక అత్తవారింటి నుంచి పిల్ల ఫోను చేసింది. చాలా మెల్లగా మాట్లాడింది. అత్తగారు అందరికీ దగ్గరుండి వడ్డించిందట. పిల్లకు కూడా వడ్డించింది, అడిగి అడిగి వడ్డించింది. తను మాత్రం మెతుకు ముట్టలేదట. చుట్టాలు చూస్తున్నారట. పిల్లకు ముద్ద దిగక చెయ్యి కడిగేసుకుందట. నిమిరే మాట తనకు తెలుసు కదా, పాడబోయి సిగ్గుపడి, మామూలుగా చెప్పిందట.

"ఇప్పుడు అల్లి సెప్తన్నావా అమ్మా అన్నాది పెద్దమ్మా. అలాగ అనేసి లోపలికి ఎల్లిపోనాది. నాను ఈ ఇంట్లో ఎలాగుండాల?"

నేను ఏదో ధైర్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. చాటలో బియ్యప్పిండి రాలిపోతుంటే చేతులతో అడ్డం పెట్టే ఆ పిల్ల ఇప్పుడు మొదటి పూటే అన్నం దగ్గర నుంచి లేచిపోయింది, నా పాట వల్ల. ఇలాంటివి మొదటి రోజు సర్దుకోకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. నేను చాలా ఇళ్ల అరుగుల మీద కూర్చున్నాను, నాకు తెలుసు. ఆ మాట పిల్ల చెపితే నమ్మరు. వాళ్లమ్మ చెపితే బతిమాలుకున్నట్టు ఉంటుంది. పాట కట్టినదే వెళ్లి పాడాలి. కాని కొత్త కోడలు వచ్చిన ఇంటికి, మర్నాడు పొద్దున్నే, వీధి గుమ్మంలోంచి నేను ఎలా వెళతాను.

ఆ రాత్రి సంగతి రాయడానికి ఏమీ లేదు. ఆయన డోలక్ గోడకు మేకు మీద ఉంది. దాని తోలు వదులైపోయింది.

తెల్లవారుతూనే మొదటి బస్సు ఎక్కాను. కండక్టరు అడగకముందే ఊరి బోర్డు నేనే చదువుకుని దిగాను. రామతీర్థం కొండ ఇంకా మంచులో ఉంది. ఇల్లు ఎవరినీ అడగలేదు. పందిరి వేసి ఉన్న ఇల్లు అదొక్కటే. వీధి వైపు వెళ్లకుండా గడ్డిమేటు పక్కనుంచి పశువుల శాల దగ్గరికి వెళ్లాను. గేదెను అంత ప్రేమగా చూసుకునే మనిషి ఆ వేళకు అక్కడే ఉంటుందని నాకు తెలుసు.

ఆమె పాలు పితుకుతోంది. నా కంటే కొంచెం చిన్నదే. తలకు తువ్వాలు చుట్టుకుంది. చెంబులో పాలు జుయ్యి జుయ్యిమని పడుతున్నాయి. నా కాళ్ల చప్పుడుకు తల తిప్పి చూసి, ఎవరమ్మా అంది. నా మొహం ఆమెకు తెలియదు. తెలిసింది గొంతే. నేను ఎవరినో చెప్పకుండా పాట అందుకున్నాను. గేదెకు ముందు గోలెం కుడితి.

ఆమె చేతులు ఆగిపోయాయి.

వరసే వరస అని ముగించి నేను ఆగాను. ఇంట్లో ఎలా ఆగానో అంతసేపు ఆగాలి. గేదె నెమరు వేస్తోంది. ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి ఎవరూ లేరు. ఆమె నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మళ్లీ అటు తిరిగి, కోపంగా, గట్టిగట్టిగా పితకడం మొదలుపెట్టింది. చెంబులో పాలు దరువులా పడుతున్నాయి. ఆ దరువు మీద నేను రెండో మాట పాడాను. గేదెకే అంత పోసిన చెయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా, ఒక్క మాట కూడా మింగకుండా పాడాను.

పాలు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి, గేదె పొదుగు వంకే చూస్తూ అడిగింది.

"ఈ ముక్క నిన్న ఏదీ?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నవ్వు జాగా సంగతి, కత్తిరించిన సంగతి. మా ఆయన సంగతి కూడా కొంత చెప్పాను. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

"ఇంకోపాలి అను" అంది.

మళ్లీ పాడాను. ఈసారి నేను ఆగిన చోట ఆమె కూడా చెయ్యి ఆపింది. పాట అయ్యాక చెంబు పక్కన పెట్టి, దూడను వదిలి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"గుమ్మం నిరుడే పెద్దది కట్టించినాం. మీ గుంట ఎంత లావైనా పడతాది" అంది.

నవ్వుతూ అనలేదు. కాని నిమిరింది. ఆ పని నాకు తెలుసు కాబట్టి గుర్తుపట్టాను.

"ఒక్కర్తివే వొచ్చినావా?"

ఒక్కర్తినే అన్నాను. ఆమె నా మెడ వంక, చేతుల వంక చూసింది. తరవాత ఇంటివైపు తిరిగి, గుంటా, గ్లాసు తే అని కేకేసింది. లోపల గాజుల చప్పుడు వినిపించగానే నేను గేదెకు అవతల పక్కకు జరిగాను. కొత్త కోడలు పొద్దున్నే చూసే మొదటి మొహం నాది కాకూడదు. నేను జరగడం ఆమె చూసింది. గేదె కాళ్ల సందులోంచి పిల్ల పాదాలు కనిపించాయి, పసుపు ఇంకా పచ్చగా ఉంది. ఆమె ఎదురు వెళ్లి పిల్ల చేతిలో గ్లాసు తనే అందుకుంది.

"లోపలికి ఎల్లి ఇడ్లీ తిను. నానూ వస్తన్నాను, ఇద్దరం తిందాం" అంది.

పసుపు పాదాలు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. ఆమె గ్లాసు నిండా పాలు పోసి నాకు ఇచ్చి, చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. శాలలో నిలబడి పాలు తాగాను. గోలెం పక్కన తొట్టిలో గ్లాసు కడిగి గోడ మీద బోర్లించాను. గడ్డిమేటు పక్కనుంచి వచ్చిన దారినే రోడ్డు మీదికి నడిచి, విజయనగరం బోర్డు ఉన్న బస్సు కోసం నిలబడ్డాను.